కిట్టు లేకుండా ఇత్తడి, రాగితో 1:8 మాసెరాటి 250ఎఫ్ కట్టే పద్ధతి

రేకు, గొట్టం, తీగ, కడ్డీ, టంకం. ఈ పనికి బజారులో దొరికేవి ఇవే. మిగతాదంతా మీరే కోయాలి, తిప్పాలి, అతకాలి. మొదటి నమూనాకి 1950ల నాటి గ్రాండ్ ప్రీ కారు మంచిది. అందులో బానెట్ తీస్తే యంత్రమంతా కనిపిస్తుంది, బాడీ ముక్కలు తక్కువ, రెక్కలూ స్టిక్కర్లూ లేవు. అందుకే ఇక్కడ మాసెరాటి 250ఎఫ్‌ని తీసుకున్నాం. వాన్‌వాల్‌కైనా, ఫెరారీ 500కైనా పద్ధతి ఇదే.

సగంలో ఆగిపోయే నమూనాల్లో చాలావాటికి కారణం చేతి నైపుణ్యం లేకపోవడం కాదు, పని వరుస తప్పడం. బాడీతో మొదలుపెట్టి, తర్వాత చక్రాలు దాని కింద పట్టలేదని బాధపడతారు. ముందు మెత్తని సీసపు టంకం పెట్టేసి, తర్వాత పక్కనే వెండి టంకం పెట్టబోతే మొదటిది కరిగి కారిపోతుంది. ముందు చక్రాలు, తర్వాత ఫ్రేము, తర్వాత యంత్రం, చివర్న బాడీ. వేడి విషయంలో ఎక్కువ వేడి అతుకులు ముందు, తక్కువ వేడివి వెనక. ఈ వరుస చెడకుండా చూసుకుంటే మిగిలేది ఓపిక ఒక్కటే.

ఏ బండి, ఏ రేసు

"250ఎఫ్ కడుతున్నాను" అంటే సరిపోదు. 1954 నుంచి 1957 దాకా ముక్కు పొడవు, లూవర్లు (రేకులో గాలి పోయే చీలికలు), తోక ఆకారం మారుతూ వచ్చాయి. ఇప్పుడు మ్యూజియాల్లోనూ పాత కార్ల రేసుల్లోనూ కనిపించే బండ్లు చాలా వరకు మరమ్మతులకి లోనైనవే. కాబట్టి ఒక ఛాసిస్ నంబరు, ఒక రేసు, ఒక తేదీ పట్టుకోండి. ఈ వ్యాసంలో ఛాసిస్ 2529, 1957 ఆగస్టు 4, జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్, బండి నంబరు 1. అర్జెంటీనా డ్రైవరు ఫాంజియో ఐదోసారి ప్రపంచ ఛాంపియన్ అయిన రేసు అది. ఆయన సగం ట్యాంకు పెట్రోలుతో మొదలుపెట్టి, మధ్యలో పిట్‌లో ఆగాడు. నమూనాకి దీంతో పనేమిటంటే, ఇంధనం ట్యాంకు తోకలో ఉంటుంది కాబట్టి నిండు ట్యాంకు ఫోటో చూసి వెనక సస్పెన్షన్ ఎత్తు పెడితే తోక కిందికి కూర్చుండిపోతుంది.

అసలు కొలతలు, ఎనిమిదో వంతు కొలతలు ఇవి. ఇరుసుల మధ్య దూరం 2280 మి.మీ., నమూనాలో 285. ముందు ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) 1300, అంటే 162.5. వెనక ట్రాక్ 1250, అంటే 156.25. టైర్లు ముందు 5.50-16, వెనక 7.00-16.

రిమ్ము దగ్గర చాలామంది తప్పు చేస్తారు. 16 అంగుళాలంటే 406.4 మి.మీ., దాన్ని 8తో భాగిస్తే 50.8. కానీ అది టైరు కూర్చునే చోటి వ్యాసం. కంటికి కనిపించే బయటి అంచు చుట్టూ సుమారు 17 మి.మీ. పైకి లేచి ఉంటుంది. అంటే నమూనాలో బయటి వ్యాసం 55 మి.మీ. దగ్గరగా ఉండాలి. 50.8కే అంచు తిప్పేస్తే కారు మొత్తం బొమ్మ చక్రాల మీద నిలబడినట్టు ఉంటుంది, ఎందుకో వెంటనే తెలియదు.

డ్రాయింగు దొరికితే నమ్మేయకుండా పరీక్షించండి. జిరాక్సు యంత్రం అడ్డంగా ఒకలా, నిలువుగా ఒకలా సాగదీస్తుంది. కాబట్టి కాగితం మీద రెండు దిక్కులా 100 మి.మీ. గీతలు గీసి ప్రింటు తీసి కొలవండి. ఫోటోల్లో దూరం నుంచి, ఇరుసుల ఎత్తులో, సరిగ్గా పక్క నుంచి తీసినవాటినే కొలతకి వాడండి. అలాంటి ఫోటోలో ఇరుసుల దూరాన్ని రిమ్ము బయటి అంచు వ్యాసంతో భాగిస్తే 5.2 దగ్గర రావాలి. రాకపోతే ఆ ఫోటో వివరాలు చూసుకోవడానికే తప్ప కొలవడానికి పనికిరాదు.

లోహాలు, టంకాలు

ఫ్రేముకి ఇత్తడి గొట్టాలు, బ్రాకెట్లకి 0.5, 0.8 మి.మీ. ఇత్తడి రేకు, బాడీకి 0.4 మి.మీ. రాగి రేకు, తెల్లగా మెరవాల్సిన చిన్న భాగాలకి జర్మన్ సిల్వర్ (వెండి లేని, నికెల్ కలిసిన తెల్ల లోహం), స్ప్రింగులకి ఫాస్ఫర్ బ్రాంజ్. అసలు బాడీ అల్యూమినియమే. అయినా మొదటిసారి రాగితోనే చేయండి. అల్యూమినియం మామూలు టంకానికి లొంగదు, చీలితే అతకలేరు. రాగిలో చీలిక వస్తే వెండి టంకం పెట్టి, సుత్తితో సరిచేసి ముందుకెళ్లొచ్చు. పైన ఎర్ర రంగు పడ్డాక తేడా ఎవరికీ కనిపించదు. లోపలివైపు తగరం పూస్తే తెల్లగా అవుతుంది.

రేకు, కడ్డీలు సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ బజార్లలో దొరుకుతాయి. సన్న గొట్టాలు మాత్రం హాబీ దుకాణాల నుంచి తెప్పించుకోవాలి. పనిముట్లలో సగం కంసాలి దగ్గరుండేవే: సన్న రంపం, ఆకురాళ్లు, పట్టకార్లు, దాగలి, తీగ సన్నం చేసే కమ్మచ్చు. రంపానికి 1 మి.మీ. రేకుకి 2/0 బ్లేడు, 0.4 రేకుకి 6/0. బ్లేడు మాటిమాటికీ తెగుతుంటే దోషం బ్లేడుది కాదు, మలుపులో రంపాన్ని ఆపకుండా ఆడిస్తూ రేకుని తిప్పాలి, రంపాన్ని తిప్పకూడదు. ఇవి కాక చిన్న లేత్ తప్పదు. లేకపోతే రిమ్ములూ హబ్బులూ బయట తిప్పించుకోవాలి.

మరలకి ట్యాపులు ఎం1, ఎం1.2, ఎం1.4, ఎం2 చాలు. రంధ్రాలు వరుసగా 0.75, 0.95, 1.1, 1.6 మి.మీ. లోతు రంధ్రమైతే 0.05 పెంచండి. ట్యాపు లోపల విరిగితే భాగమంతా పోయినట్టే. మర కొంచెం వదులైనా నమూనాకి నష్టం లేదు.

టంకాల వరుస ఇది. ఇత్తడి 900 డిగ్రీలు దాటాక కరగడం మొదలుపెడుతుంది. మొదటి అతుకులకి 745 నుంచి 780 మధ్య కరిగే గట్టి వెండి టంకం. రెండో దఫాకి 55 శాతం వెండి ఉండి, కాడ్మియం లేనిది. ఇది 630 నుంచి 660 మధ్య పారుతుంది. మూడో దఫాకి తగరం-వెండి టంకం, 221 డిగ్రీలు. ఆ తర్వాత మామూలు తగరం-సీసం 63/37, అది 183. చివర్న, ఇక ఏదీ కదలకూడదనుకున్న చోట 70 డిగ్రీల బిస్మత్ మిశ్రమం.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. పాత రకం వెండి బ్రేజింగ్ కడ్డీల్లో కాడ్మియం ఉంటుంది, దాని పొగ ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. పెట్టె మీద "కాడ్మియం లేదు" అని రాసి లేకపోతే కొనకండి. రెండు, కంసాలి వాడే వెలిగారం 740 డిగ్రీల దాకా కరగదు. 650కే పారే టంకానికి అది కాపలా కాయదు, లోహం నల్లబడి టంకం గుండ్లుగా నిలిచిపోతుంది. తక్కువ వేడి వెండి టంకానికి ఫ్లోరైడు ఉన్న ఫ్లక్స్ పొడి కావాలి, ఆ పని గాలి ఆడే చోటే చేయాలి. మూడు, సీసపు టంకం తగిలిన భాగాన్ని మళ్లీ ఎర్రగా కాల్చకండి. సీసం ఇత్తడిలోకి తినేసి గుంటలు చేస్తుంది. తప్పదంటే ఆ చోటు పూర్తిగా గీకి, రాకి, కొత్త లోహం తేలాకే మంట పెట్టండి.

కాల్చిన భాగాన్ని శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీళ్లలో పదో వంతు నిమ్మఉప్పు కలిపితే చాలు. ఇరవై నిమిషాల్లో నలుపు వదులుతుంది. అందులో ఇనుప పట్టకారు ముంచకండి, ఇత్తడి మీద గులాబీ రంగు రాగి పొర ఎక్కుతుంది.

చక్రాలు

నమూనా ఎత్తు, ట్రాక్, బాడీకీ టైరుకీ మధ్య సందు అన్నీ చక్రం మీదే ఆధారపడతాయి. అందుకే ముందు నాలుగు చక్రాలూ పూర్తి చేసి బల్ల మీద పెట్టుకోండి.

పుల్లలు (స్పోకులు) ఎన్నో ఫోటో చూసి లెక్కపెట్టండి, ముందువీ వెనకవీ వేరువేరుగా. 60 పుల్లల చక్రంలో సాధారణంగా బయటి వరుసలో 20, లోపలి వరుసలో 40 ఉంటాయి. ఆ లెక్కన నాలుగు చక్రాలకి 240 పుల్లలు, 240 నిప్పిళ్లు (పుల్లని రిమ్ముకి పట్టే చిన్న గొట్టాలు). 280 చేసుకోండి, ఎగిరిపోయేవి ఎగిరిపోతాయి.

అసలు పుల్ల 4 మి.మీ. లోపు మందం ఉంటుంది, అంటే ఇక్కడ అర మిల్లీమీటరులోపు. గిటారు తీగల్లో 0.018 అంగుళాల సాదా తీగ 0.46 మి.మీ. ఉంటుంది. గట్టిది, ఒకే మందం, ఎక్కడైనా దొరుకుతుంది. నిప్పిలుకి బయట 0.9, లోపల 0.5 మి.మీ. ఇత్తడి గొట్టాన్ని 2.5 మి.మీ. ముక్కలుగా కోయాలి. కత్తితో నొక్కితే గొట్టం నోరు మూసుకుపోతుంది. లోపల తీగ దూర్చి, గాజు మీద బ్లేడు కింద దొర్లించి కోయండి.

రిమ్మును ఇత్తడి కడ్డీ నుంచి తిప్పండి. అసలు బండికుండే బోరాని కంపెనీ రిమ్ములు అల్యూమినియంవే అయినా, ఇత్తడైతే నిప్పిళ్లకి టంకం పెట్టొచ్చు, తర్వాత నికెల్ పూత వేయించొచ్చు. రంధ్రాల పంపకానికి డివైడింగ్ హెడ్ ఉంటే సరే. లేకపోతే లేత్ చక్ వెనక 60 పళ్ల గేరు బిగించి, ఒక పల్లు అడ్డుపెడితే 6 డిగ్రీల చొప్పున కచ్చితంగా వస్తుంది. కాగితం మీద ప్రింటు తీసిన కోణాలు అంటిస్తే చివరి రంధ్రం దగ్గర తేడా తేలుతుంది.

రంధ్రం 0.95 మి.మీ. రిమ్ము మధ్యకి నిటారుగా వేయకండి. పుల్ల హబ్బులో ఏ అంచుకి వెళుతుందో ఆ వైపు రంధ్రం వాలాలి. వాలు లేకుండా వేస్తే పుల్ల నిప్పిలు దగ్గర మెడ విరిచినట్టు కనిపిస్తుంది, వైరు చక్రం అందమంతా అక్కడే పోతుంది. రిమ్మును వాలుగా పట్టే చిన్న జిగ్ చేసి, ముందు సెంటర్ డ్రిల్లుతో గుంట పెట్టండి. వంపు ఉపరితలం మీద సన్న డ్రిల్లు జారి విరిగేది ఆ గుంట లేకనే.

హబ్బు రంధ్రాలు 0.5 మి.మీ. పుల్ల తల వైపు 1 మి.మీ. వంచితే అదే కొక్కెం. పుల్లలు హబ్బు కేంద్రం నుంచి సూటిగా రావు, హబ్బు అంచుని తాకుతూ పక్కకి వెళతాయి. ఒకటి ముందుకి, తర్వాతది వెనక్కి, జంటలుగా దాటుకుంటాయి. ఒక జంటని సరిగా కుదిర్చి, ఆ పొడవులో మిగతావి కోయండి.

అల్లేటప్పుడు రిమ్మునీ హబ్బునీ ఒకే పలక మీద బిగించే జిగ్ తప్పనిసరి: రిమ్ము కూర్చునే గాడి, మధ్యలో హబ్బుకి కడ్డీ, హబ్బు ఎంత లోపలికుండాలో అంత మందం దిమ్మ. ముందు లోపలి 40, తర్వాత బయటి 20. టంకం మాత్రం గడియారంలో 12, 6, 3, 9 అంకెల వరుసలో ఎదురెదురుగా పెట్టండి. ఒక పక్క నుంచి వరుసగా పెట్టుకుంటూ వస్తే చల్లారే టంకం హబ్బుని ఆ పక్కకి లాగేస్తుంది. 221 డిగ్రీల టంకం, చిన్న ముక్క, సన్న మొన సోల్డరింగ్ ఐరన్. ఆమ్లం ఉన్న ఫ్లక్స్ వాడితే అదే రోజు వేడి నీళ్లతో, సోడాతో కడగండి. లేకపోతే ఉక్కు పుల్లలు నెల తిరక్కుండా తుప్పు కక్కుతాయి. జిగ్ నుంచి తీశాక డయల్ గేజి పెట్టి తిప్పి చూడండి, ఊగు 0.1 మి.మీ. దాటకూడదు.

పూతకి ఇచ్చేటప్పుడు "బఫింగ్ వద్దు, పూత ఒక్కటే" అని గట్టిగా చెప్పండి. బఫింగ్ చక్రం పుల్లల్ని పీకేస్తుంది, అంచుల్ని గుండ్రం చేసేస్తుంది.

టైర్లకి యాక్రిలిక్ కడ్డీలో మూలరూపం తిప్పి, ట్రెడ్ గాళ్లు లేత్ మీదే కోసి, సిలికోన్ అచ్చు తీసి, షోర్ ఎ 60–70 గట్టిదనమున్న పాలీయురెథేన్‌లో నల్ల రంగు కలిపి పోయండి. పాలీయురెథేన్‌కి తడి పడదు. గాలిలో తేమతో కలిసి కార్బన్ డయాక్సైడ్ పుట్టి టైరు నురగలా పొంగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలం ఈ పని పెట్టుకోకపోవడమే మేలు. పెట్టుకుంటే ఏసీ గదిలో, తెరిచిన డబ్బా అదే రోజు ఖాళీ అయ్యేలా చూసుకోండి.

ఫ్రేము

ఒక మందపాటి పలక మీద మధ్యగీత, ఇరుసుల గీతలు గీయండి. ప్రతి కొలతా ఈ గీతల నుంచీ నేల మట్టం నుంచీ తీసుకోవాలి, పక్క గొట్టం నుంచి కాదు. గొట్టం నుంచి గొట్టానికి కొలుస్తూ పోతే 0.2 మి.మీ. తప్పులు కలిసి వెనక ఇరుసు దగ్గర 1 మి.మీ. అవుతాయి.

గొట్టానికి గొట్టం తగిలే చోట చేప నోరులా గుండ్రంగా కోయాలి. తగలబోయే గొట్టం ఎంత లావో అంతే లావు గుండ్రటి ఆకురాయి వాడితే ఆకారం దానంతటదే వస్తుంది. వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే సందు కనిపించకూడదు. వెండి టంకం సన్న సందులోకే పీల్చుకుంటుంది, గుంట నింపదు. గుంట నింపాలని ఇంకా టంకం తినిపిస్తే అతుకు చుట్టూ ముద్ద కట్టి, అసలు బండి వెల్డింగు కంటే ఎనిమిది రెట్లు లావుగా కనిపిస్తుంది.

రెండు చివరలా మూసుకుపోయే ప్రతి గొట్టానికీ కనిపించని వైపు 0.5 మి.మీ. రంధ్రం పెట్టండి. లోపలి గాలి వేడెక్కి కరిగిన టంకాన్ని బయటికి ఊదేస్తుంది. అది తప్పించుకున్నా, లోపల చిక్కిన నిమ్మఉప్పు నీళ్లు నెలల తర్వాత రంగు కింద నుంచి పచ్చగా ఊరుతాయి.

వెండి టంకానికి పలక పనికిరాదు, కాలిపోతుంది. కొలతలు పలక మీద సరిచూసి, గొట్టాల్ని 0.5 తీగ మేకులతో కలిపి, అగ్గి ఇటుక మీదకి మార్చండి. గట్టిగా బిగించకండి. ఎర్రగా కాలిన ఇత్తడి వేడికి సాగుతుంది, చోటు లేకపోతే వంగుతుంది. మూలకి మూల ఎదురుగా అతుకుతూ పోండి.

ఇందులో ఒక చిక్కుంది. వెండి టంకం వేడికి ఇత్తడి గొట్టం పూర్తిగా మెత్తబడుతుంది. పొడవాటి కింది గొట్టాలు తర్వాత వేలితో నొక్కినా వంగుతాయి. అందుకని ప్రధాన గొట్టాల్లోకి ముందే స్టెయిన్‌లెస్ కడ్డీ దూర్చి పెట్టండి. లేదా ప్రధాన చట్రం మూలలకి మాత్రమే వెండి టంకం పెట్టి, మధ్యలో అడ్డగొట్టాలన్నీ 221తో అతకండి. చూపుకి పెట్టే నమూనాకి ఆ బలం ఎక్కువే. బ్రాకెట్లు, క్లిప్పులు, పైపుల పట్టీలు అన్నీ 183 టంకంతో. పక్క అతుకు ఊడకుండా దాని మీద తడి దూది పెట్టండి.

సస్పెన్షన్, యంత్రం

ముందు రెండు విష్‌బోన్లు (చక్రాన్ని పట్టే వి ఆకారపు చేతులు), కాయిల్ స్ప్రింగులు. వెనక రెండు చక్రాలనీ కలిపే డి డియోన్ గొట్టం, అడ్డంగా ఆకుల స్ప్రింగు. కాయిల్ స్ప్రింగుని కావాల్సిన దానికంటే పదో వంతు సన్నని కడ్డీకి చుట్టండి, వదలగానే విచ్చుకుంటుంది. ఆకుల స్ప్రింగుకి 0.2 మి.మీ. ఫాస్ఫర్ బ్రాంజ్ పట్టీలు. నిజంగా పనిచేసే స్ప్రింగులు పెట్టాలన్న సరదా ఉంటుంది కానీ ఎనిమిదో వంతు నమూనా బరువు ఎనిమిదో వంతు కాదు, దాదాపు 512వ వంతు. అసలు దాని పోలికలో చేసిన స్ప్రింగు ఈ బరువుకి ఇసుమంత కూడా దిగదు. ఎత్తు సరిచూసి లోపల ఒక పిన్ను వేసి బిగించేయడమే మంచిది.

యంత్రం వరుస ఆరు సిలిండర్లది, 84 మి.మీ. బోరు, 75 మి.మీ. స్ట్రోకు. నమూనాలో బోరు 10.5 మి.మీ., కాబట్టి పొడవు అంచనా అక్కడి నుంచే మొదలవుతుంది. సిలిండరుకి రెండు ప్లగ్గులు, అంటే 12 ప్లగ్గు తీగలు, ప్లగ్గులకి కరెంటిచ్చే రెండు మాగ్నెటోలు, మూడు వెబర్ కార్బ్యురేటర్లు. అచ్చు పోసిన లోహంలా కనిపించాలంటే బ్లాకుని ఇత్తడి పలకలు దొంతరగా అతికి కట్టి, ప్రతి మూలా గుండ్రంగా రాయండి. పోత భాగానికి కత్తిలాంటి అంచు ఉండదు. ఆ తర్వాత సన్న ఇసుకతో బ్లాస్ట్ చేయించి, అల్యూమినియం రంగు ఒక్క పలచని పొర వేయండి.

చూసినవాడికి బొమ్మని పట్టిచ్చేది బోల్టులే. అసలు ఎం6 నట్టు 10 మి.మీ. స్పానరుది, నమూనాలో 1.25 మి.మీ. ఉండాలి. ఎం8ది 13, అంటే 1.6. దుకాణంలో దొరికే ఎం1.4 బోల్టు తల దీనికి చాలా పెద్దది. కాబట్టి సన్న ఆరుపలకల ఇత్తడి కడ్డీని లేత్ మీద కోసి తలలు మాత్రం చేసి, తోక దూర్చి అతకండి. ప్లగ్గు తీగలకీ ఇదే లెక్క. అసలుది 8 మి.మీ. అయితే ఇక్కడ 1 మి.మీ. ఉండాలి. అంతకు మించితే తోట గొట్టాల్లా వేలాడతాయి.

సైలెన్సర్ లేని ఎగ్జాస్ట్ గొట్టాలు ఎడమవైపు బయటికొచ్చి కలుస్తాయి. రాగి గొట్టాన్ని ముందు కాల్చి మెత్తబరచి, లోపల నూనె పూసి, 70 డిగ్రీల మిశ్రమం కరిగించి పోసి వంచండి. వంగాక వేడి నీళ్లలో పెడితే మిశ్రమం కారిపోతుంది. నూనె పూయకపోతే లోపల అంటుకుని మిగిలిపోతుంది, తర్వాత వెండి టంకం మంటకి ఆ శేషం గొట్టాన్ని తినేస్తుంది. అనుమానముంటే మిశ్రమం మానేసి, పొడి సన్న ఇసుక దట్టించి రెండు చివరలూ మూసి వంచండి.

బాడీ

ఎండీఎఫ్ పలకలు దొంతరగా అతికి కొయ్య అచ్చు చేయండి. ప్రతి 20 మి.మీ. కీ ఒక అడ్డకోత ఆకారం కార్డు మీద కోసి పెట్టుకుని సరిచూస్తూ రాయాలి. రేకు మందం 0.4 కాబట్టి అచ్చు అన్ని వైపులా 0.4 తగ్గి ఉండాలి. అచ్చుని చక్రాలున్న ఫ్రేము పక్కన పెట్టి చూడకుండా రేకు కోయకండి.

ముక్కు పై సగం, కింది సగం, బానెట్, డ్రైవరు పక్క పలకలు, తోక కుడి ఎడమలు. ఇలా ముక్కలుగా విడదీయండి. అసలు బండిలో అతుకు ఎక్కడుందో అక్కడే విడదీస్తే ఆ గీత నిజమైన గీతే అవుతుంది. ప్రతి ముక్కకీ ముందు కాగితం నమూనా అచ్చు మీద పరచండి. ఎక్కడ కాగితం ముడత పడుతుందో అక్కడ రేకు కుంచించుకోవాలి, ఎక్కడ చిరుగుతుందో అక్కడ సాగాలి.

రాగిని మసక వెలుతురులో ముదురు ఎరుపు కనిపించేదాకా కాల్చి నీళ్లలో ముంచండి, మెత్తబడుతుంది. తర్వాత తోలు సంచిలో ఇసుక నింపి, దాని మీద గుండ్రటి నైలాన్ సుత్తితో కొట్టండి. అచ్చు మీదే పెట్టి కొట్టడం అందరూ చేసే పని. దాంతో కొయ్య గుంటలు పడి ఆకారం పోతుంది, రేకూ వెనక్కి విచ్చుకుంటుంది. అచ్చు సరిచూసుకోవడానికే. దాని మీద స్కెచ్ పెన్ను సిరా పూసి రేకు పెట్టి నొక్కితే, సిరా అంటిన చోట రేకు ఇంకా లోతుకి పోవాలని తెలుస్తుంది.

దెబ్బ చప్పుడు మారడం గమనించండి. మెత్తని రేకు మొద్దుగా పలుకుతుంది, గట్టిపడ్డాక ఖంగుమంటుంది. ఖంగుమన్నాక కూడా కొడితే చీలేది అంచు నుంచే. మళ్లీ కాల్చండి. ముక్కు లాంటి లోతైన ఆకారానికి అయిదారుసార్లు కాల్చాల్సి వస్తుంది.

ఆకారం వచ్చాక, అద్దంలా మెరిసే ఉక్కు దిమ్మ మీద, అంతే మెరిసే చదును సుత్తితో, బరువు లేకుండా, ఒక దెబ్బ మీద సగం దెబ్బ పడేలా కొడుతూ పోతే గుంటలు తేరుకుంటాయి. ఈ దశలో బలం పనికిరాదు. గట్టిగా కొట్టిన ప్రతి దెబ్బా రేకుని పలచన చేసి ఇంకాస్త సాగదీస్తుంది, అక్కడ బుడిపె లేస్తుంది, దాన్ని కొడితే పక్కన ఇంకోటి. జనగామ జిల్లా పెంబర్తిలో విగ్రహాల కవచాలకి, ధ్వజస్తంభాల తొడుగులకి రేకు కొట్టేవారి చేయి చూస్తే ఈ విషయం అర్థమవుతుంది: సుత్తి మణికట్టు నుంచి పడుతుంది, భుజం నుంచి కాదు.

అల్యూమినియంతో చేయాలనుకునేవారికి ఒక్క మాట. అది కాలినప్పుడు రంగు మారదు, 660 దగ్గర ఒక్కసారిగా కూలిపోతుంది. రేకు మీద బట్టల సబ్బు రుద్ది కాల్చండి. గీత ముదురు గోధుమ రంగు దాటి నల్లబడగానే మంట తీసేయాలి.

లూవర్లకి 3 మి.మీ. టూల్ స్టీలులో ఆడ, మగ అచ్చులు కోయాలి. మగ అచ్చు ఒక అంచు పదునుగా రేకుని కోస్తుంది, మిగతా మూడు వైపులా గుండ్రంగా రేకుని ఎత్తుతుంది. బానెట్ పక్కలు ఒకే దిక్కుకి వంగినవి కాబట్టి లూవర్లు చదును రేకు మీదే ముందు కొట్టి, తర్వాత గొట్టం మీద చేత్తో వంచండి. వంపు పెట్టాక అచ్చు సరిగా కూర్చోదు. వరుసలో ఒక్కటి పావు మిల్లీమీటరు తప్పినా మొదట కంటికి తగిలేది అదే, అందుకని అచ్చుకి పక్కన ఆనించే పిన్ను పెట్టి ప్రతి లూవరూ ముందుదాని నుంచి దూరం తీసుకునేలా చేయండి.

చివరిగా అంచులు. అసలు రేకు ఎనిమిదో వంతుకి 0.15 మి.మీ. దగ్గర ఉంటుంది, మీది 0.4. కాక్‌పిట్ చుట్టూ, ముక్కు రంధ్రం చుట్టూ, బానెట్ అంచున లోపలివైపు నుంచి ఏటవాలుగా రాసి 0.2కి దింపండి.

రంగు, బిగింపు

బాడీని డిటర్జెంటుతో, తర్వాత నిమ్మఉప్పుతో, తర్వాత అసిటోన్‌తో కడిగి, వేలు తగలకుండా ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కొరికి పట్టుకునే తొలి పూత) కొట్టండి. మామూలు ప్రైమర్ రాగిని పట్టుకోదు, మాస్కింగ్ టేపుతో పాటు పొరలుగా లేచొస్తుంది. రంగు మూడు పలచని పొరలకి మించొద్దు. నాలుగో పొరకి రివెట్లు మునిగిపోతాయి, లూవర్ల నోళ్లు పూడుకుపోతాయి. సీసాలోని ఇటాలియన్ ఎరుపు చిన్న వస్తువు మీద ముదురుగా కనిపిస్తుంది. నూటికి నాలుగైదు పాళ్లు నారింజ కలిపితే తేరుకుంటుంది. తెలుపు కలిపితే గులాబీ ఛాయ వస్తుంది, జాగ్రత్త. అంకె 1 డెకాల్ కాకుండా స్టెన్సిల్ పెట్టి కొట్టండి. అప్పటి అంకెలు రంగుతో వేసినవే.

బిగించేటప్పుడు తొందరగా చెడేవి చివర పెట్టాలి: ముందు ఫ్రేములో యంత్రం, పైపులు, పెడళ్లు, సీటు, తర్వాత బాడీ, చివర్న విండ్‌స్క్రీను, అద్దాలు, చక్రాలు. సీటు తోలుని వెనక నుంచి గీకి 0.4 మి.మీ. దాకా పలచన చేయండి, లేకపోతే మడతలు దుప్పటిలా పడతాయి. అల్యూమినియం భాగం రాగిని నేరుగా తాకే చోట వార్నిష్ పొర వేయండి. తేమ ఉన్న ఊళ్లో ఆ రెండింటి మధ్య తెల్లటి పొడి పుడుతుంది.

పెట్టె యాక్రిలిక్‌ది, అడుగు పలక రంగువేసిన లోహం లేదా గాజు. పచ్చి ఎండీఎఫ్, ఓక్ చెక్క ఏళ్ల తరబడి ఆమ్లపు ఆవిరి వదులుతాయి. మూసిన పెట్టెలో అది సీసపు టంకాన్ని తెల్లటి పిండిగా మార్చేస్తుంది. ఎండీఎఫ్ తప్పదంటే అన్ని వైపులా, అంచులతో సహా ఎపాక్సీ పూసి, పెట్టె వెనక రెండు చిన్న గాలి రంధ్రాలు వదలండి. బండిని టైర్ల మీద కాకుండా ఫ్రేము కింద రెండు సన్న స్తంభాల మీద కూర్చోబెట్టి, టైరు నేలని తాకీ తాకనట్టు ఉంచండి. పాలీయురెథేన్ బరువు కింద చదును పడితే తిరిగి లేవదు.